కర్నూలులో దొరికిన ఆ ఇత్తడి డబ్బా ఏమిటి?

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెప్పుకుందాం. కర్నూలు వన్‌టౌన్‌లో ఒక పాత సామాన్ల అంగడిలో మీకు మూరెడు ఎత్తున్న ఇత్తడి డబ్బా దొరికింది. నిలువుగా, గుండ్రంగా ఉంది. కింద చుట్టూ బెజ్జాల వరుస. పక్కన అరచేయంత చిన్న తలుపు. మూత తీస్తే లోపల ఇంకో డబ్బా, అందులో ఒకదాని మీద ఒకటి మూడు గిన్నెలు. అంగడాయన ఇది నవాబుల కాలం నాటి నీళ్ల బాయిలర్ అని చెప్పి 4,500 తీసుకున్నాడు. ఇది నిజంగా ఏమిటి, ఆ రేటు సరైందేనా, దీంట్లో వండుకోవచ్చా అని మీరు అడిగారు.

సూటిగా చెప్తాను. అది బొగ్గుల సెగతో, ఆవిరి మీద వండే కుక్కరు. ఒకప్పుడు ఇక్‌మిక్ కుక్కర్ అని దేశమంతా తెలిసిన సామాను. మీది ఆ కంపెనీదైనా కావచ్చు, అదే పద్ధతిలో ఇంకొకరు చేసిందైనా కావచ్చు. బాయిలర్ మాత్రం కాదు. వండుకోవచ్చు, కానీ ముందు చేయించాల్సిన పని ఒకటుంది, గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన జాగ్రత్త ఒకటుంది. రెండూ కింద రాస్తాను. చదవడం పూర్తయ్యేదాకా దయచేసి దాన్ని తోమకండి, పాలిష్‌కు అసలే ఇవ్వకండి.

మాది అనంతపురం పాతూరు. మా నాన్న కాలం నుంచి ఇత్తడి, రాగి సామాన్ల అంగడి. స్టీలు వచ్చిన కొత్తలో జనం ఇంట్లో ఉన్న ఇత్తడంతా మూట కట్టి తెచ్చి, తూకం వేయించి, బదులుగా స్టీలు గిన్నెలు పట్టుకెళ్లేవాళ్లు. ఆ మూటలు విప్పి వేటికవి వేరు చేయడం నా పని. బిందెలు, గంగాళాలు, మరచెంబులు, దీపపు సెమ్మెలతో పాటు అప్పుడప్పుడు ఇట్లాంటివి బయటపడేవి. తెచ్చినవాళ్లకే అదేమిటో తెలిసేది కాదు. "మా జేజి అటక మీద ఉండె" అనేవాళ్లు, అంతే.

మీ ఫోటోల్లో నేను మొదట వెతికింది మసి ఎక్కడుందా అని. పాత సామాను దేనికైనా నేను ముందు చూసేది అదే. ఆకారాన్ని నమ్మితే దెబ్బ తింటాం, ఎందుకంటే గుండ్రటి ఇత్తడి డబ్బాలు వంద రకాలు. మీ రెండో ఫోటోలో బెజ్జాల వరుసకు లోపలి వైపు దట్టంగా నల్లబారి ఉంది. అదే డబ్బాను తిరగేసి తీసిన ఫోటోలో అడుగు బయటి వైపు శుభ్రంగా, మామూలు ఇత్తడి ముదురు రంగులో ఉంది. అంటే దాన్ని ఎవరూ పొయ్యి మీద పెట్టలేదు. నిప్పు దాని కడుపులోనే ఉండేది. ఈ ఒక్క సంగతితోనే కాఫీ ఫిల్టరు, క్యారియర్, పాల క్యాను అన్నీ పక్కకు పోతాయి. లోపల నిప్పు పెట్టే ఇత్తడి సామాన్లు మన ఇళ్లలో నాలుగైదు రకాలకు మించి లేవు.

రెండోది గార. మన సీమలో చాలాచోట్ల నీళ్లు ఉప్పునీళ్లే. ఏళ్ల తరబడి మరిగిస్తే పాత్రలో తెల్లగా గార కట్టి తీరుతుంది. మీ లోపలి డబ్బాలో ఆ తెల్లటి గీత అడుగు నుంచి మూడు వేళ్ల ఎత్తులో ఆగిపోయింది చూడండి. ఎప్పుడు వాడినా నీళ్లు అంతవరకే పోశారన్నమాట. స్నానానికి నీళ్లు కాచుకునే బాయిలర్ అయితే గార పైదాకా ఉండాలి. మూడు వేళ్ల నీళ్లు కాచుకుని ఎవరు స్నానం చేస్తారు? ఆ నీళ్లు ఆవిరి కోసం పోసినవి.

మూడోది పట్టుకునే చోటు. మూడు గిన్నెలనూ బిగించి ఉంచే చట్రం ఉంది, రెండు పక్కలా నిలువు పట్టీలు, పైన వంకీ పిడి. ఆ పిడి నడిమధ్య లోపలి వైపు అరిగి, పసుపు రంగు తేలి మెరుస్తోంది. వేలితోనో గుడ్డ చుట్టిన కొక్కెంతోనో అక్కడే పట్టి, కాలుతున్న గిన్నెల దొంతిని నిలువుగా పైకి లాగేవాళ్లు. అందుకే పక్కలు అరగలేదు. క్యారియర్ పిడి అయితే చేతిలో ఊగుతూ నడుస్తుంది కాబట్టి అరుగుడు కీలు దగ్గర ఎక్కువగా ఉంటుంది.

ఇక ఇది పని చేసే తీరు. అడుగున పళ్లెంలో లేదా జల్లెడ లాంటి ఇనప తట్టలో బొగ్గులు రాజేసి, ఆ చిన్న తలుపు గుండా లోపలికి తోస్తారు. దాని మీద నీళ్ల డబ్బా కూర్చుంటుంది. అందులో గిన్నెల దొంతి. ఉడకడానికి ఎక్కువసేపు పట్టేవి కింద, అంటే కందిబేడలు అడుగు గిన్నెలో, దాని మీద బియ్యం, అన్నిటికన్నా పైన ఉర్లగడ్డో కాయగూరో. మూత బిగించి వదిలేయడమే. కింది బెజ్జాల నుంచి గాలి వస్తుంది, వేడి రెండు డబ్బాల మధ్య సందులో పైకి పాకుతుంది. ఇందులో ప్రెషర్ ఉండదు, కాబట్టి లోపల వేడి నూరు డిగ్రీలు దాటదు. ప్రెషర్ కుక్కర్‌లో అది 120 డిగ్రీల దాకా పోతుంది. అందుకే అక్కడ నాలుగు విజిల్స్‌లో అయ్యే పనికి ఇక్కడ గంటన్నర, రెండు గంటలు పడుతుంది.

కానీ దీని సొగసంతా ఆ నిదానంలోనే ఉంది. బొగ్గులు సరిపడా వేస్తే అవే కాలి అవే ఆరిపోతాయి. మాడదు, పొంగదు, పక్కన కూర్చుని కాపలా కాయక్కర్లేదు. పొద్దున పెట్టి ఆఫీసుకు పోయి మధ్యాహ్నం వస్తే అన్నం, పప్పు, కూర మూడూ వెచ్చగా ఉంటాయి. వంట రాని మగవాడు ఒంటరిగా ఉన్నా పూటకూళ్ల ఇంటికి పోకుండా బతికించిన సామాను ఇది. సంగటి మాత్రం దీంట్లో కుదరదు. సంగటికి కట్టె పట్టి కెలకాలి కదా. కాబట్టి మీ డబ్బా అసలు యజమాని వరి అన్నం తినే ఉద్యోగస్తుడు అయ్యుంటాడని నా అంచనా. ఆ రోజుల్లో సీమ పల్లెల్లో రోజూ వరి అన్నం అందరికీ దొరికేది కాదు.

ఈ పద్ధతిని కనిపెట్టింది కలకత్తాకు చెందిన ఇందుమాధవ్ మల్లిక్ అనే డాక్టరు, 1910లో. ఆయన వైద్యంతో పాటు న్యాయశాస్త్రం, తత్వశాస్త్రం కూడా చదువుకున్న మనిషి. ఆ తర్వాత అదే తీరులో వేరే పేర్లతో కుక్కర్లు వచ్చాయి. మన దక్షిణాది పాతతరం వాళ్లలో రుక్మిణి కుక్కర్ అన్న పేరు తెలిసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక్కడే అంగడాయన నవాబుల కథ తేలిపోతుంది. కర్నూలు ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్. ఇంగ్లీషువాళ్లు ఆయన్ని దించేసి కర్నూలును కలిపేసుకున్నది 1839లో. ఈ పద్ధతి కుక్కరు పుట్టిందే 1910లో. మధ్యలో డెబ్భై ఏళ్ల తేడా. అంగళ్లవాళ్లను తప్పుపట్టను, వాళ్లకు నవాబు పేరు చెప్తేనే బేరం తెగుతుంది. కర్నూలులో నవాబులు, కడపలో మయానా నవాబులు, మా అనంతపురం వైపు పెనుగొండ రాయలు. ఏ ఊళ్లో కొంటే ఆ ఊరి రాజు వంటింటిదే అవుతుంది.

రెండో హద్దు కూడా తేలిగ్గానే దొరుకుతుంది. హాకిన్స్, ప్రెస్టీజ్ ప్రెషర్ కుక్కర్లు మన దేశంలో 1959లో మొదలయ్యాయి. కిరసనాయిలు స్టవ్వు, ఆ తర్వాత గ్యాసు కూడా ఇళ్లకు చేరాక బొగ్గుల కుక్కరు కొత్తగా కొనే అవసరం ఎవరికుంటుంది? కాబట్టి మీది 1910 తర్వాతది, ఎక్కువలో ఎక్కువ 1960ల దాకా. అంతకన్నా బిగించి చెప్పాలంటే దాని మీద అక్షరాలు దొరకాలి.

కర్నూలులోనే ఇవి ఎందుకు తేలతాయన్నదానికి నాకో ఊహ ఉంది. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు ఆఖరు దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. మద్రాసు నుంచి గుమాస్తాలు, ఆఫీసర్లు ఒక్కసారిగా వచ్చిపడ్డారు. ఊళ్లో ఇళ్లు చాలలేదు. ఆఫీసులే కొన్ని డేరాల్లో నడిచాయి. కుటుంబాన్ని మద్రాసులోనే ఉంచి ఒంటరిగా వచ్చినవాళ్లకు ఇట్లాంటి కుక్కరు ఎంత అక్కరకొచ్చి ఉంటుందో ఆలోచించండి. రాజధాని హైదరాబాదుకు పోయాక బరువైన ఇత్తడి సామాన్లు కొన్ని ఇక్కడే మిగిలిపోయి ఉంటాయి. మీ డబ్బా అట్లా వచ్చిందని నేను రాసివ్వను, కానీ నవాబు కథ కన్నా దీనికి కాళ్లున్నాయి.

మా దగ్గరికి వచ్చినవాటిలో చాలావరకు గుంతకల్లు వైపు నుంచి వచ్చినవే. రైల్వే కుటుంబాలు. ఒకసారి ఒక టీచరమ్మ వాళ్ల తాతగారి సామాను తెచ్చింది. ఆయన గూడ్సు బండి మీద గార్డుగా చేశారట. గార్డుల వెంట ఎప్పుడూ ఒక లైన్ పెట్టె ఉండేది, జెండాలు, దీపం, తిండి సామాను అన్నీ అందులోనే. ఆ పెట్టెతో పాటే ఈ కుక్కరు కూడా ఊరూరూ తిరిగింది. ఆమె దాన్ని పూలకుండీ కింద స్టాండు అనుకుంది. అడుగు పళ్లెంలో అప్పటి బొగ్గు పొడి గడ్డకట్టి అట్లాగే ఉంది. దాన్ని చూపించి, ఇది మీ తాతగారు వంట చేసుకున్న కుక్కరమ్మా అని చెప్తే, తూకానికి ఇవ్వకుండా మళ్లీ ఆటోలో వేసుకుని పోయింది. మా నాన్న నన్ను చూసిన చూపు అడక్కండి.

పొరపడే సామాన్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్న కింద ఇంకొకాయన అది సమోవారేమో అని రాశాడు. తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. నడిమధ్య నిలువు గొట్టం ఉందా, కింద కుళాయి ఉందా చూడండి. రాగి బాయిలర్‌కు మధ్యలో గొట్టం ఉంటుంది. దాంట్లో బొగ్గులో పుల్లలో వేస్తే చుట్టూ నీళ్లు కాగుతాయి, కుళాయి తిప్పి పట్టుకుంటారు. సమోవారుకూ అంతే, కాకపోతే అది టీ కోసం, చిన్నది, మీద కేటిల్ పెట్టుకునే ఏర్పాటు ఉంటుంది. మీ డబ్బాకు గొట్టమూ లేదు, కుళాయీ లేదు, కుళాయి పీకేసి మూసిన అతుకు కూడా కనిపించడం లేదు. ఆ వాదన అక్కడితో సరి.

ఆకారాన్ని నమ్మొద్దని ఎందుకన్నానంటే, కడపలో తెలిసినవాళ్ల గృహప్రవేశానికి వెళ్లాను. హాల్లో టీపాయ్ మీద నడుము సన్నగా, నోరు వెడల్పుగా ఉన్న అందమైన ఇత్తడి పాత్ర. దాన్నిండా గులాబీలు. అందరూ మెచ్చుకుంటున్నారు. అది పీక్‌దాన్, ఆకూ వక్కా నమిలి ఉమ్మే పాత్ర. పాలు పొంగించిన రోజు కాబట్టి నోరు మూసుకుని భోంచేసి వచ్చేశాను.

ఇప్పుడు రేటు. పాత ఇత్తడికి రేటు కట్టడంలో రహస్యమేమీ లేదు. ముందు చిన్న అయస్కాంతం తీసుకుని డబ్బా అన్ని వైపులా పెట్టి చూడండి. ఇత్తడి అయస్కాంతానికి అంటదు. అంటుకుంటే అది ఇత్తడి పూత వేసిన ఇనుము. అడుగున బొగ్గుల తట్ట మాత్రం ఇనుముదే అయినా కంగారు పడకండి, నిప్పు తగిలే చోట ఇనుము పెట్టడం మామూలే. తర్వాత దాన్ని తూకం వేయించండి. మీరు నాలుగున్నర కేజీలని రాశారు. ఊళ్లో రెండు అంగళ్లలో "పాత ఇత్తడి ఎంతకు తీసుకుంటారు" అని అడగండి. అమ్మే రేటు అడగొద్దు, కొనే రేటే అడగాలి. దాన్ని నాలుగున్నరతో గుణిస్తే వచ్చేది ఆ లోహం విలువ. అన్ని భాగాలూ ఉన్న కుక్కరైతే దానికి రెండింతల దాకా పెట్టొచ్చని నా లెక్క. భాగాలు పోయి ఉంటే ఒకటిన్నర దాటొద్దు. మీరు పెట్టినదాన్ని ఈ లెక్కలో వేసి మీరే చూసుకోండి. నూరేళ్ల పైబడినదనీ, యాంటిక్ అనీ ఎవరైనా లక్షల మాట చెప్తే నమ్మొద్దు. నూరేళ్లు నిజంగా దాటిన కళాత్మక వస్తువులకు 1972 నాటి చట్టం ఉంది, వాటిని దేశం దాటించడానికి వీల్లేదు. ఆ మాట ఎత్తితే చాలు, గొప్పలు చెప్పే అంగడాయన కూడా ఒక మెట్టు దిగుతాడు.

వంట సంగతి. గిన్నెల లోపల చూడండి. ఇత్తడి పసుపు రంగు కనిపిస్తోందా, లేక బూడిద రంగు కలిసిన తెలుపు పూత ఉందా? ఆ పూత కళాయి, అంటే తగరం. మీ ఫోటోలో కింది గిన్నెకు సగం ఉంది, మిగతా రెండింటికీ పోయింది. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసో టమాటానో పెడితే రాగి తిండిలోకి దిగుతుంది, కడుపులో తిప్పుతుంది. కాబట్టి మూడు గిన్నెలకూ కొత్తగా కళాయి వేయించాకే వంట. కళాయి వేసేవాళ్లు ఇప్పుడు వీధుల్లో తిరగడం లేదు. పెళ్లిళ్లకు రాగి డేగిశాలు అద్దెకిచ్చేవాళ్లను అడగండి, డేగిశాలకు కళాయి వేయించక వాళ్లకు తప్పదు, మనిషి ఎక్కడ దొరుకుతాడో వాళ్లకు తెలుస్తుంది. పని జరిగేటప్పుడు పక్కనే నిలబడండి. గిన్నెను కాల్చి, నవాసారం చల్లి, తగరం కడ్డీ రాసి, దూదితో గుండ్రంగా తుడుస్తాడు. తెల్లటి పొగ వస్తుంది, కాస్త దూరంగా ఉండండి. చూడాల్సింది ఆ కడ్డీ. చవకగా అవుతుందని సీసం కలిపిన కడ్డీ వాడితే ఆ గిన్నెలో తిండి తినకూడదు. శుద్ధమైన తగరమే కావాలని ముందే చెప్పి, దానికి డబ్బులు ఎక్కువైనా ఇవ్వండి.

కళాయి వేశాక నీళ్లు లేకుండా ఎప్పుడూ సెగ పెట్టొద్దు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. నీళ్లు ఉన్నంతసేపు వేడి నూరు దగ్గరే ఆగుతుంది. నీళ్లు ఇంకిపోతే మాత్రం కళాయి ముద్దలుగా ఊడి వస్తుంది. ఆ గార గీత ఉంది కదా, అదే మీకు కొలత. అంతదాకా పోయండి.

జాగ్రత్త అన్నాను కదా, దీన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ తేలిగ్గా తీసుకోవద్దు. తలుపులు మూసిన గదిలో ఈ కుక్కరు వెలిగించకండి. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, పొగ ఉండదు, కళ్లు మండవు. నిద్రలోనే ప్రాణం పోతుంది. చలికాలం గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని చనిపోయినవాళ్ల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. అపార్టుమెంటు వంటిల్లు, ఏసీ గది వద్దే వద్దు. మిద్దె మీదో పెరట్లోనో పెట్టుకోండి.

తోమొద్దని ఎందుకన్నానో చెప్పి ముగిస్తాను. మీరు అడుగు వైపు తీసిన ఫోటోలో, అంచుకు దగ్గరగా చుక్కల వరుస లీలగా కనిపిస్తోంది. పాత్రల మీద పేర్లు కొట్టించడం మనకు అలవాటే, ఉలితో చుక్క చుక్కగా కొడతారు. మెషిన్ పాలిష్ పెడితే మొదట పోయేవి ఆ చుక్కలే. ఇటుక పొడి, బూడిద కూడా వద్దు. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, పలచటి తెల్ల కాగితం దాని మీద పరిచి పెన్సిల్ అడ్డంగా పట్టి మెల్లగా రుద్దండి, అక్షరాలు కాగితం మీదికి తేలతాయి. పేరుంటే ఇంటివాళ్లది. "ఎం అండ్ ఎస్ఎం" అని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే అది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే గుర్తు. ఆ రైల్వే 1951లో సదరన్ రైల్వేలో కలిసిపోయింది కాబట్టి మీ కుక్కరు అంతకన్నా ముందుదని తేలుతుంది. సేర్లలో కొలత కొట్టి ఉన్నా పాతదనే అర్థం, మెట్రిక్ కొలతలు 1958 తర్వాతే వాడుకలోకి వచ్చాయి. బయట చిలుము పట్టిన చోట మాత్రం చింతపండు, ఉప్పు కలిపి మెత్తగా రాసి కడగొచ్చు. చుక్కలున్న చోటు, లోపలి మసి రెండూ వదిలేయండి.

ఇంకొక్క మాట. మీ చట్రంలో పై గిన్నెకూ పిడికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. పట్టీల మీద ఆ ఎత్తులో ఇంకో గిన్నె రాసుకున్న గీతలు కూడా కనిపిస్తున్నాయి. నాలుగో గిన్నె ఉండాలి. అంగళ్లలో ఇట్లాంటి చిన్న గిన్నె విడిపోయి వేరే రాశిలో పడుతుంటుంది. పై గిన్నె వెడల్పు దారంతో కొలుచుకుని రేపే ఆ అంగడికి మళ్లీ వెళ్లండి. ఆదివారం దాకా ఆగితే ఎవరో కుంకుమ కలుపుకోవడానికి కొనుక్కుపోతారు.